అందం, కొలత, కూలి

2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలు హైదరాబాదులో జరిగాయి. అందులో భాగంగా కొందరు పోటీదారులని ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి తీసుకెళ్ళారు. గుడిలోకి వెళ్ళేముందు వాళ్ళని కూర్చోబెట్టి, స్థానిక స్త్రీలు వాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోసి తుడిచారు. ఆ దృశ్యం బయటికి రాగానే పెద్ద దుమారం లేచింది. తెలంగాణ ఆడబిడ్డల ఆత్మగౌరవం ఏమైందని ప్రతిపక్షాలు అడిగాయి. అతిథి మర్యాదలో భాగమేనన్న సమర్థన అవతలి వైపు నుంచి వచ్చింది. అదే నెలలో ఇంగ్లండు తరఫున వచ్చిన మిల్లా మాగీ పోటీ మధ్యలోనే వెళ్ళిపోయి, డబ్బున్న స్పాన్సర్లని అలరించే పనికి తమని వాడుకున్నారని తన దేశపు పత్రికకి చెప్పింది. నిర్వాహకులు అదంతా అబద్ధమన్నారు. ఈసారి చర్చ రాష్ట్రం పరువు గురించి నడిచింది.

ఈ రెండు వార్తల్లోనూ నన్ను ఇబ్బంది పెట్టిన విషయం ఒకటే. కాలు చాపిన అమ్మాయీ, నీళ్ళు పోసిన అమ్మాయీ ఇద్దరూ ఆ పూట పనిలోనే ఉన్నారు. ఎక్కడ కూర్చోవాలో, ఎలా నవ్వాలో ఒకరికి ఎవరో చెప్పారు. ఎక్కడ వంగాలో ఇంకొకరికి ఎవరో చెప్పారు. చర్చలో మాత్రం ఒకరు అందానికి ప్రతినిధి, ఇంకొకరు ఆత్మగౌరవానికి ప్రతినిధి. పని చేస్తున్న మనుషులుగా ఇద్దరూ మాయమైపోయారు. (ఆ గుడి చూరు కింద ఎనిమిది వందల ఏళ్ళుగా నిలబడి ఉన్న నల్లరాతి మదనికలు కూడా అందగత్తెలే. వాళ్ళలో ఒకామె కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులున్నాయని గైడ్లు పనిగట్టుకుని చూపిస్తారు. ఆమె నల్లగా ఉందని ఎవరూ అనరు, రాయి కదా!)

అందం గురించి స్త్రీవాద సాహిత్యం మాట్లాడటం కొత్త కాదు. జయప్రభ ‘చూపులు’ కవిత చర్చని చూడబడే ఒంటి మీద నుంచి చూసే కంటి మీదికి మళ్ళించింది. ఓల్గా ‘రాజకీయ కథలు’లో కళ్ళు, జడ, ముక్కుపుడక ఒక్కొక్కటీ ఒక్కో కథకి విషయమయ్యాయి. స్త్రీ శరీరం మీద రాజకీయం ఎలా నడుస్తుందో చదవడం ఆ తరం మనకి నేర్పింది. ఆ తర్వాత కొలతలు చాలా మారాయి. ఒకప్పుడు ఫ్యాషన్ పత్రికల గడప తొక్కనివ్వని నల్లటి ఒళ్ళు, లావుపాటి ఒళ్ళు, వయసు మళ్ళిన ఒళ్ళు, కృత్రిమ కాలు పెట్టుకున్న ఒళ్ళు ఇవాళ ముఖచిత్రాల మీద కనిపిస్తున్నాయి. అందరి అందాన్నీ గుర్తించాలని పోరాడినవాళ్ళు దీన్ని విజయం అంటున్నారు. అది మార్కెట్టు ఎత్తుగడ తప్ప మరోటి కాదని ఇంకొందరు కొట్టిపారేస్తున్నారు. నాకు ఈ రెండు జవాబులూ చాలడం లేదు. అందపు ప్రమాణం విశాలం కావడం న్యాయమేనా అన్న ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఈ ఫ్యాషన్ మోడల్ అనే మనిషి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

ఆమె దుకాణం నుంచి వచ్చింది. మోడలింగ్ చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా మొదట చెప్పే పేరు మరీ వెర్నే. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పారిస్‌లోని ఒక పెద్ద బట్టల దుకాణంలో ఆమె అమ్మకాల పని చేసేది. అక్కడే పనిచేస్తున్న చార్ల్స్ ఫ్రెడరిక్ వర్త్ అనే ఇంగ్లీషు యువకుడు శాలువాలు ఎలా ఉంటాయో కొనేవాళ్ళకి చూపించడానికి వాటిని ఆమె భుజాల మీద వేసి నడిపించేవాడు. తర్వాత ఆమెని పెళ్ళి చేసుకున్నాడు. 1850ల చివర్లో సొంత దుకాణం పెట్టి, రాణులకి బట్టలు కుట్టి, ఫ్యాషన్ రంగానికి ఆద్యుడిగా చరిత్రకెక్కాడు. ఆమె ఆ శాలువా వేసుకున్న అమ్మాయిగా ఎక్కింది.

అంతకు ముందు ఆ పని బొమ్మలు చేసేవి. పారిస్ కొత్త ఫ్యాషన్లని చిన్న బొమ్మలకి తొడిగి ఇతర దేశాల రాజాస్థానాలకి పంపేవాళ్ళు. మనం బట్టల కొట్టు అద్దాల వెనక చూసే బొమ్మని మానెకిన్ అంటాం. ఆ మాట డచ్చి భాషలో ‘చిన్న మనిషి’ అన్న మాట నుంచి పుట్టింది. చిత్రకారులు వాడుకునే కొయ్యబొమ్మకి అది పేరు. ఆ బొమ్మ స్థానంలో నిజం ఆడపిల్లని నిలబెట్టినప్పుడు ఆమెకి కొత్త పేరు పెట్టలేదు, బొమ్మ పేరే పెట్టారు. తొలి రోజుల్లో ఫ్యాషన్ దుకాణాల్లో పనిచేసే ఈ అమ్మాయిలు ఖరీదైన గౌను కింద, మెడ దాకా చేతుల దాకా ఒంటిని కప్పే నల్లటి లోపలి అంగీ వేసుకోవాల్సి వచ్చేది. కొనవచ్చిన పెద్దింటి స్త్రీకి గౌను కనపడాలి, అది వేసుకున్న కూలిపిల్ల చర్మం కనపడకూడదు. మోడల్ శరీరం మీద మొదటి నియమం అందం గురించి కాదు, అంతరం గురించి. నేను ఈ వివరం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆ పని మనకి తెలియనిదేమీ కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో ఏ చీరల షాపుకి వెళ్ళినా సేల్స్ గర్ల్ మనం చూపించిన చీరని తన యూనిఫారం మీదే నడుముకి చుట్టి, కుచ్చిళ్ళు మడిచి, పమిట భుజాన వేసుకుని నిలబడుతుంది. కొంచెం వెనక్కి జరిగి అటూ ఇటూ తిరిగి అంచు చూపిస్తుంది. ‘మీ ఒంటి రంగుకి బాగుంటుందండీ’ అంటుంది. మనం ఆమెని చూడం, చీరని చూస్తాం. ఆ చీర ఆమె కొనుక్కోలేదన్న సంగతి ఇద్దరికీ తెలుసు. మరీ వెర్నే శాలువాతో చేసిన పని ఇదే. అయినా ఆమెని మోడల్ అని మనం ఎవరమూ అనం. మోడల్ అనే మాటకి మన మనసులో ఎత్తు, తెలుపు, అర్ధనగ్నత, డబ్బు అన్నీ అంటుకుని ఉన్నాయి గనక.

ఈ రెండో అర్థం ఎలా పుట్టిందో చూస్తే కొలతలు ఎందుకు మారతాయో కూడా తెలుస్తుంది. 1924లో జాఁ పతూ అనే పారిస్ డిజైనర్ న్యూయార్కు వెళ్ళి, వందల మంది దరఖాస్తుదారుల్లోంచి ఆరుగురు అమెరికన్ అమ్మాయిలని ఎంచుకుని తెచ్చాడు. అతనికి పొడుగ్గా, సన్నగా, ఆటలాడే పిల్లల్లా ఉండేవాళ్ళు కావలసి వచ్చారు. ఫ్రెంచి ఒంటి తీరు అందంగా లేదని అతనికి హఠాత్తుగా తోచి కాదు, అతని బట్టలు కొనే ధనవంతులు అప్పటికి అమెరికాలో ఎక్కువ ఉన్నారు. కొనేవాళ్ళు మారితే నమూనా మారింది. తర్వాత వంద సంవత్సరాల్లో వచ్చిన మార్పుల వెనక ఇలాంటి లెక్క ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంది. యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు చేతిలో జీతండబ్బుతో లండన్ వీధుల్లోకి వచ్చినప్పుడు, 1966లో, పదహారేళ్ళ లెస్లీ హార్న్‌బీ ట్విగ్గీ పేరుతో ప్రపంచానికి ముఖమైంది. ఆ ఏడాది మార్చిలోనే డోన్‌యేల్ లూనా బ్రిటిష్ వోగ్ ముఖచిత్రం మీద కనిపించింది. ఆ పత్రిక ముఖచిత్రానికెక్కిన మొదటి నల్లజాతి మోడల్ ఆమె. ఆ ఫొటోలో ఆమె చెయ్యి ముఖంలో చాలా భాగాన్ని కప్పేసి, వేళ్ళ సందులోంచి ఒక కన్ను మాత్రం కనిపిస్తుంది. అమెరికన్ వోగ్ ముఖచిత్రం మీదకి బెవర్లీ జాన్సన్ రావడానికి 1974 ఆగస్టు దాకా పట్టింది. అదే 1966 నవంబరులో బొంబాయి వైద్య విద్యార్థిని రీటా ఫారియా ప్రపంచ సుందరి అయింది. ఏడాది తిరగ్గానే ఆ రంగం వదిలి డాక్టరీ పూర్తి చేసుకుంది. మన చర్చల్లో ఆమె పేరు ఎందుకో తక్కువ వినిపిస్తుంది.

సన్నదనం చావు దాకా వెళ్ళిన సంవత్సరం 2006. ఆగస్టులో ఉరుగ్వే మోడల్ లూయిసెల్ రామోస్ ర్యాంప్ మీద నడిచి వచ్చిన కాసేపటికే చనిపోయింది. ఆమెకి 22 ఏళ్ళు. నవంబరులో బ్రెజిల్ మోడల్ అనా కరోలినా రెస్తన్ 21 ఏళ్ళకి పోయింది. రెండు మరణాల మధ్య, సెప్టెంబరులో, మాడ్రిడ్ ఫ్యాషన్ వారం వాళ్ళు ఎత్తుకీ బరువుకీ ఉన్న నిష్పత్తి 18 కన్నా తక్కువ ఉన్న మోడళ్ళని నడవనివ్వం అన్నారు. 2012లో ఇజ్రాయెల్ 18.5 అంకెతో చట్టం చేసింది. ఫ్రాన్సు 2015లో చేసిన చట్టంలో అంకె పెట్టాలని మొదట అనుకుని, చివరికి డాక్టరు ఇచ్చే ధ్రువపత్రానికి వదిలేసింది. అది 2017లో అమల్లోకి వచ్చింది. ధ్రువపత్రం లేని మోడల్‌తో పని చేయించే ఏజెన్సీకి 75,000 యూరోల జరిమానా, ఆరు నెలల జైలు దాకా శిక్ష. వాణిజ్య ప్రకటనల్లో మోడల్ ఒంటిని సన్నగానో లావుగానో దిద్దితే, దిద్దిన ఫొటో అని రాయాలన్న నియమం కూడా ఆ ఏడాదే వచ్చింది.

ఈ చట్టాలు అవసరం. ఫ్రాన్సు శిక్ష ఏజెన్సీకి వేసింది, అమ్మాయికి వేయలేదు, అది ముఖ్యం. అయినా మాడ్రిడ్ పద్ధతిని చూస్తే ఏదో గుచ్చుకుంటుంది. ఆకలితో పని చేయించినవాడిని వదిలి ఆకలితో ఉన్నదాన్ని బయటికి పంపారు. టేపు పట్టుకుని నిలబడ్డ మనిషి మారాడు గానీ టేపు కింద నిలబడ్డ మనిషి మారలేదు. ఆ తర్వాత లావుపాటి మోడళ్ళ దశకం వచ్చింది, 2016లో యాష్లీ గ్రాహం స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ఈత దుస్తుల సంచిక ముఖచిత్రానికెక్కింది. దాని ఆయుష్షు పదేళ్ళయినా లేదు. ఒళ్ళు తగ్గించే సూదిమందులు వచ్చాక పెద్ద నగరాల ర్యాంపుల మీద మళ్ళీ ఎముకలు కనపడుతున్నాయి. 2025లో వోగ్ బిజినెస్ పత్రిక వేసిన లెక్కలో పెద్ద సైజు మోడళ్ళు ఒక్క శాతం కూడా లేరు. అంటే దయతో తెరిచిన తలుపు ఒక మందుతో మూసుకుపోయింది. హక్కుగా వచ్చినదైతే అంత తేలిగ్గా పోయేదా?

గెలిచినవాళ్ళ సంగతైనా అంతే. 1990లలో సూపర్ మోడళ్ళని పేరున్న కొద్దిమందిలో లిండా ఎవాంజెలిస్టా ఒకరు. కొవ్వు కరిగించే ఒక శీతల చికిత్స వికటించి తన ఒళ్ళు గట్టిపడి వికృతమైపోయిందనీ, అందుకే ఏళ్ళ తరబడి ఎవరికీ కనపడకుండా బతికాననీ ఆమె 2021లో బయటపెట్టింది. కోర్టుకెక్కింది, 2022లో రాజీ కుదిరింది. అందరికన్నా ఎక్కువ చూడబడ్డ మనిషికి కూడా తన ఒళ్ళు తన ఆస్తి కాలేకపోయింది.

ఇక మన దగ్గరికి వద్దాం. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత మూడేళ్ళకి, 1994లో, సుస్మితా సేన్ విశ్వసుందరి, ఐశ్వర్యా రాయ్ ప్రపంచసుందరి అయ్యారు. 1997లో హైదరాబాదు అమ్మాయి డయానా హేడెన్ ప్రపంచసుందరి అయింది. మన దేశంలో అందం ఒక్కసారిగా పెరగలేదని, సౌందర్య సాధనాలకి కొత్త మార్కెట్టు తెరుచుకుందని అప్పుడే మన రచయిత్రులు, కార్యకర్తలు స్పష్టంగా చెప్పారు. అది సరైన విశ్లేషణ. 1996 నవంబరులో ప్రపంచ సుందరి పోటీలు బెంగుళూరులో జరిగినప్పుడు వామపక్ష మహిళా సంఘాలు, రైతు సంఘాలు, హిందూత్వ సంస్థలు అందరూ వీధికెక్కారు. ఈత దుస్తుల పోటీని సీషెల్స్ దీవులకి మార్చారు. మదురైలో ఒక యువకుడు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. స్త్రీ సరుకు కాదు అన్నవాళ్ళూ, భారత నారి ఒళ్ళు చూపించకూడదు అన్నవాళ్ళూ ఒకే వీధిలో నడిచారు. మన వాదం వేరు, వాళ్ళ వాదం వేరు అని మనం ఎన్నిసార్లు రాసుకున్నా, ర్యాంప్ మీద నిలబడ్డ అమ్మాయికి అవి రెండూ ఎలా వినిపించి ఉంటాయి?

ఆమెకి వినిపించిన మాటల్లో ఒకటి తెలుగులో చాలా ప్రచారంలో ఉంది, అంగడి బొమ్మ. స్త్రీని అంగడి బొమ్మని చేశారు అనే వాక్యం లేకుండా అందాల పోటీల మీద తెలుగులో వ్యాసం రావడం అరుదు. మార్కెట్టుని తిట్టే ఉద్దేశంతోనే ఆ మాట వాడతాం. కానీ భాష ఉద్దేశాలని బట్టి నడవదు. అంగడి బొమ్మ అంటే తెలుగులో ఒళ్ళమ్ముకునే ఆడది అని కూడా అర్థం. ఆ తిట్టులో ఇంటి స్త్రీ, అంగడి స్త్రీ అనే పాత విభజన భద్రంగా కూర్చుని ఉంది. దుకాణదారుని మీద విసిరిన రాయి బొమ్మకే తగులుతుంది. ఆ విభజన వెనక కులం ఉందన్నది కూడా మరిచిపోకూడదు. గడప లోపల అందంగా ఉండే వెసులుబాటు కొన్ని కులాల స్త్రీలకే ఉండేది. మిగతావాళ్ళు పొలంలోనో, బజారులోనో, మేజువాణీలోనో నలుగురి కళ్ళ ముందే పని చేసి బతకాల్సినవాళ్ళు. భోగం మేళాల మీద కందుకూరి వీరేశలింగం ఉద్యమం నడిపిన కాలం మన సాహిత్య చరిత్రలో బాగా తెలిసిన అధ్యాయం. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. ఆ స్త్రీలు ఇక ఆడకూడదన్న దాని మీద సంస్కర్తలకి ఉన్నంత స్పష్టత, వాళ్ళు ఇక ఏం చేసి బతకాలన్న దాని మీద లేకపోయింది. ‘కన్యాశుల్కం’లో మధురవాణిని ఎంత మెచ్చుకున్నా మనం ఆమెని ఒక పాత్రగా మెచ్చుకున్నాం, పనిచేసి బతికే స్త్రీగా ఆమె లెక్కలు ఎప్పుడూ అడగలేదు. చూడబడటం ద్వారా బతికే స్త్రీ ఎదురైనప్పుడల్లా ఆమెని ఉద్ధరించాలనో వెలివేయాలనో అనిపించడం మన సంస్కరణ సంప్రదాయం మనకి ఇచ్చిన అలవాటు. స్త్రీవాదం చాలా అలవాట్లు వదిలించుకుంది, ఇది ఇంకా పూర్తిగా పోలేదు.

రంగు విషయానికొస్తే, తెలుగువాళ్ళకి సంబంధించిన ఉదాహరణ ఒకటి ఉంది. 2013 సెప్టెంబరులో నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలిచింది. విజయవాడ మూలాలున్న కుటుంబం. ఆ రాత్రే ఆమెని అరబ్బు అనీ, ఉగ్రవాది అనీ తిడుతూ అమెరికాలో జాత్యహంకారులు సందేశాలు గుప్పించారు. ఇక్కడ మాత్రం మన అమ్మాయి అని తెలుగు పత్రికలు మురిసిపోయాయి. అదే సమయంలో ఇంకో మాట కూడా వచ్చింది, ఇంత చామనఛాయ అమ్మాయి ఇండియాలో అయితే మొదటి వడపోతలోనే పోయేదని. అది నిజమని ఒప్పుకోవడానికి పెళ్ళి ప్రకటనలు చాలు. ‘నలుపు నారాయణుడు మెచ్చు’ అని ఓదార్పు సామెత పెట్టుకున్న జాతి మనది, ఎందుకంటే మనుషులు మెచ్చరు కనక. మనకి నలుపు కేవలం రంగు కూడా కాదు. తెల్లగా ఉన్న దళిత అమ్మాయిని చూసి ‘ఆ కులం పిల్లలా అనిపించదు’ అని మెచ్చుకోలుగా అనేవాళ్ళు మన డిపార్టుమెంట్లలో కూడా ఉన్నారు. గోగు శ్యామల 2003లో తెచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనానికి ‘నల్లపొద్దు’ అన్న పేరు ఎంచుకోవడంలోని ధిక్కారం అర్థం కావాలంటే ఆ మెచ్చుకోలు ఒకసారైనా విని ఉండాలి.

ఈ నేపథ్యంలో హోర్డింగు మీద నల్లటి ముఖం కనిపించడం చిన్న విషయమని నేను అనలేను. వారం వారం సున్నిపిండి, పసుపు రుద్దించుకుని పెరిగిన పిల్ల కళ్ళకి అది అందే విధానం వేరు. బొమ్మలతో ఏమీ కాదని తేల్చేసేవాళ్ళు సాధారణంగా ఆ సున్నిపిండి పడనివాళ్ళే. కానీ మార్కెట్టు ఆ కోరికని ఏం చేసిందో కూడా చూడాలి. 1975లో హిందుస్తాన్ లీవర్ కంపెనీ తెచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత లేచిన ఉద్యమం ధాటికి పేరులోంచి తెలుపు తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. క్రీము దుకాణంలోనే ఉంది. తెలుపు అనే మాట పోయి దాని స్థానంలో నిగారింపు వచ్చింది. తెలుపు కన్నా నిగారింపు ఇంకా గడుసైన కొలత. నలుపైనా ఫరవాలేదు, మెరవాలి. ఎండలో పనిచేసే ఒంటికి మెరుపు ఎక్కడిది?

సినిమాల్లో మనం ఇంకో ఏర్పాటు చేసుకున్నాం. చాలాకాలంగా తెలుగు కథానాయిక ముఖం ఉత్తరాది నుంచి వస్తుంది, గొంతు ఇక్కడిది. సునీత, సవితారెడ్డి లాంటివాళ్ళు ఎంతమంది కథానాయికలకి మాట ఇచ్చారో! తెర మీద ఏడ్చే ఆమె ఒకరు, ఏడుపు ఇంకొకరిది. ఒక స్త్రీని రెండు పనులుగా విడగొట్టి, చూడదగిన దానికి ఒక రేటు, వినదగిన దానికి ఒక రేటు కట్టే ఈ పద్ధతి మనకి ఎంత అలవాటైపోయిందంటే కథానాయిక సొంత గొంతుతో మాట్లాడితే అది వార్త అవుతుంది.

ఈ విడగొట్టడం ఇప్పుడు ఎక్కడికి చేరిందో చూస్తే నా అసలు ప్రశ్నకి జవాబు దొరుకుతుందనుకుంటున్నాను. 2017లో షుడూ అనే నల్లజాతి మోడల్ ఫొటోలు లోకమంతా తిరిగాయి. అంత చక్కటి నల్లదనాన్ని ఎప్పుడూ చూడలేదని జనం మెచ్చుకున్నారు. షుడూ మనిషి కాదు, ఒక తెల్లజాతి బ్రిటిష్ ఫొటోగ్రాఫరు కంప్యూటర్ మీద తయారుచేసిన బొమ్మ. 2023 మార్చిలో లెవీస్ కంపెనీ కృత్రిమ మేధతో తయారయ్యే మోడళ్ళని వాడబోతున్నామని ప్రకటించింది. అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి వైవిధ్యం. రకరకాల రంగుల, రకరకాల సైజుల ఒళ్ళని కొనేవాళ్ళకి చూపించొచ్చట. విమర్శలు రాగానే సర్దుకుంది. 2025 ఆగస్టు అమెరికన్ వోగ్ సంచికలో గెస్ కంపెనీ ప్రకటనలో కనిపించిన అమ్మాయి కూడా అసలు లేనే లేదు.

న్యాయం అంటే అన్ని రకాల ఒళ్ళూ చిత్రంలో కనపడటమే అయితే, కంపెనీలు దాన్ని ఒక్క నల్ల అమ్మాయికి కూడా కూలి ఇవ్వకుండా రేపే సాధించగలవు. నలుపు, లావు, ముడతలు, తెల్లజుట్టు ఏది అడిగితే అది. ఆ చిత్రాలని చూసి హాయిపడే స్త్రీలూ ఉంటారు. అయినా ఇందులో ఏదో దోపిడీ జరిగిందని మనందరికీ అనిపిస్తుంది. అలా అనిపించడానికి కారణం, మనం అడుగుతూ వచ్చినది చిత్రం ఒక్కటే కాకపోవడం. ఆ చిత్రం వెనక నిలబడి, డబ్బు తీసుకుని, వద్దనుకుంటే వద్దని చెప్పగలిగే స్త్రీని కూడా మనం అడుగుతున్నాం. మాటల్లో పెట్టలేదంతే. ప్రమాణం విశాలం కావడం న్యాయమేనా అంటే నా జవాబు ఇది: ఆ విశాలమైన చోట నిలబడ్డ స్త్రీకి కూలీ, నిరాకరించే హక్కూ వస్తే న్యాయం, రాకపోతే అది మరో రంగు బొమ్మ.

నిజానికి ఆ పని లెక్కలు చూసినవాళ్ళు ఉన్నారు. మోడల్‌గా పనిచేస్తూ పరిశోధన చేసిన సమాజశాస్త్రవేత్త యాష్లీ మియర్స్ 2011లో తెచ్చిన ‘ప్రైసింగ్ బ్యూటీ’ పుస్తకంలో ఆ రంగపు ఆదాయాలని విప్పి చూపించింది. పేరు తెచ్చే పత్రికల పనికి డబ్బు నామమాత్రం. కొంతమంది ఏజెన్సీకి బాకీ పడతారు. స్త్రీలకి పురుషుల కన్నా ఎక్కువ ముట్టే అతి కొద్ది పనుల్లో ఇదొకటి, ఆ గౌరవం ఎందుకు దక్కిందో వేరే చెప్పనక్కర్లేదు. సారా జిఫ్ అనే మాజీ మోడల్ 2012లో మోడల్ అలయన్స్ అనే సంస్థ పెట్టింది. వాళ్ళ కృషితో న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్యాషన్ కార్మికుల చట్టం వచ్చి 2025 జూన్‌లో అమలైంది. ఏజెన్సీ కమీషన్ 20 శాతం దాటకూడదు. ముందస్తు డిపాజిట్లు వసూలు చేయకూడదు. మోడల్ రూపాన్ని కంప్యూటర్‌లో నకలు తీయాలంటే ఆమె రాతపూర్వక అనుమతి ఉండాలి, ఎంత డబ్బు, ఎంత కాలం అన్నది అందులో రాయాలి. ఆ చట్టంలో అందం గురించి ఒక్క నియమం కూడా లేదు. అందం మీద ఈమధ్య వచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చిన పాఠం అదే.

న్యూయార్కు దాకా వెళ్ళక్కర్లేదు కూడా. కోళికోడ్‌లో మిఠాయి వీధి అనే బట్టల బజారు ఉంది. అక్కడి దుకాణాల్లో పనిచేసే స్త్రీలు పది, పన్నెండు గంటలు నిలబడే ఉండాలి, కొనేవాళ్ళు లేని వేళ కూడా కూర్చోకూడదు. కూర్చుంటే దుకాణం అందం చెడుతుంది. మూత్రశాలలు ఉండేవి కావు కనక నీళ్ళు తాగడం మానుకునేవాళ్ళు. దర్జీ పని చేసే విజి అనే ఆమె వాళ్ళని కూడగట్టి పెణ్‌కూట్టు అనే సంఘం కట్టింది. మొదట మూత్రశాల అడిగారు, తర్వాత కుర్చీ అడిగారు. ఏళ్ళ తరబడి అడిగాక 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు అదే దారిలో సవరణ చేసింది. ఒక చీర భుజాన వేసుకుని నిలబడటం, దాన్ని మడత పెట్టి ఇంకోటి వేసుకోవడం, మధ్యలో ఆ ఎత్తు పీట మీద రెండు నిమిషాలు కూర్చోవడం ఇప్పుడు అక్కడ చట్టబద్ధం. మన శ్రావణమాసపు రద్దీలో, నాలుగంతస్తుల షోరూముల్లో, అద్దం పక్కన నిలబడి పమిట సవరించి చూపిస్తున్న అమ్మాయి వెనక ఆ పీట ఉందేమో నేను ఈ మధ్య ప్రతి షాపులోనూ చూస్తున్నాను.